ఎముకలు మావి, చర్మం మీది

అసర్ నమాజు ముగిసి, మక్తబ్‌లో పిల్లలు సిపారాలు తెరిచే వేళ. ఒక తల్లి తన ఏడేళ్ళ కొడుకును చేయి పట్టుకొని దాదాపు లాక్కొచ్చింది. “హజ్రత్! వీడు నా మాట వినడు. ఎన్నిసార్లు పిలిచినా పలకడు. చెల్లెల్ని కొరుకుతాడు, పక్కింటి పిల్లల మీద రాళ్ళు విసురుతాడు. వీళ్ళ అబ్బా లారీ మీద వెళితే పది రోజులకు గాని ఇంటికి రారు. మీరే వీణ్ణి దారిలో పెట్టాలి. హడ్డీ హమారీ, చమ్‌డీ ఆప్‌కీ” అంది. ఎముకలు మాకు మిగిలితే చాలు, చర్మం మీ ఇష్టం అని దాని అర్థం.

మా ముదిగొండ చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట వినని ఉస్తాద్ ఉండడు. ఉస్తాద్ పట్ల గౌరవంతోనే మన పెద్దలు అలా అంటారు. ఆ రోజు నేను కూడా దాన్ని గౌరవంగానే స్వీకరించాను. ఆ తర్వాత ఏం జరిగిందో పాఠం చివర్లో చెబుతాను.

ముందుగా, ఈ మాటలో దాగి ఉన్న రెండు పొరపాట్లను గమనించండి. ఒకటి: బిడ్డ తర్బియత్ ఇంటి పని కాదు, మరొకరి పని అనుకోవడం. రెండు: దారి తప్పుతున్న పిల్లవాణ్ణి దారికి తెచ్చే సాధనం బెత్తం ఒక్కటే అనుకోవడం. ఈ రెండు పొరపాట్ల వల్ల ఎందరో పిల్లలు పదేళ్ళు దాటేసరికి చేయిదాటిపోతున్నారు. పదహారేళ్ళకు పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన కొడుకును చూసి ఏడ్చే తల్లిదండ్రులు, ఆరేళ్ళప్పుడు వాడు ఇచ్చిన సూచనలను గుర్తు చేసుకోరు.

బిడ్డ అమానత్

సూరా తహ్రీమ్ ఆరవ వాక్యంలో అల్లాహ్ విశ్వాసులను ఉద్దేశించి, మిమ్మల్నీ మీ ఇంటివారినీ అగ్ని నుండి కాపాడుకోమని ఆదేశించాడు. ఇంటివారికి విద్య నేర్పడం, అదబ్ నేర్పడమే ఆ కాపాడుకోవడమని హజ్రత్ అలీ (రజి) వివరించారు. ఇక్కడ ఆదేశం ఇంటి పెద్దకే వచ్చింది. ఉస్తాద్ సహాయకుడు మాత్రమే. మక్తబ్‌లో పిల్లవాడు గంటసేపు ఉంటాడు. మిగతా సమయమంతా ఇల్లే వాడికి మదర్సా.

ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ ‘ఇహ్యాఉల్ ఉలూమ్’ గ్రంథంలో పిల్లల శిక్షణకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. బిడ్డ తల్లిదండ్రుల వద్ద ఉంచబడిన అమానత్ అనీ, వాడి హృదయం ఏ గీతా పడని విలువైన రత్నం లాంటిదనీ, ఎటు వంచితే అటే వంగుతుందనీ ఆయన అంటారు. అమానత్‌ను మరొకరి చేతిలో పెట్టి, “చర్మం మీ ఇష్టం” అనే హక్కు మనకు ఎక్కడిది?

చెడు ఎప్పుడు మొదలవుతుంది?

చాలామంది “చిన్నపిల్లాడే కదా, పెద్దయితే వాడే మారతాడు” అంటారు. ఇందులో సగం నిజం, సగం ప్రమాదం ఉన్నాయి.

పిల్లలు అందరికంటే ఎక్కువగా కొట్టేది, కొరికేది, లాక్కునేది రెండు మూడేళ్ళ వయసులోనే. కెనడాకు చెందిన రిచర్డ్ ట్రెంబ్లే అనే పరిశోధకుడు ఈ విషయంపై ఎన్నో ఏళ్ళు పరిశీలన చేశారు. కొట్టడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొట్టకుండా ఉండడాన్నే నేర్పాలి. అత్యధికులు బడి వయసు వచ్చేసరికి దీన్ని నేర్చుకుంటారు. కొద్దిమంది నేర్చుకోలేకపోతారు. మన శ్రద్ధ అవసరమైనది వారికే.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను మూడేళ్ళ వయసు నుండి దశాబ్దాల తరబడి పరిశీలించారు. ఆ పరిశీలన ఆధారంగా 1993లో టెర్రీ మోఫిట్ అనే పరిశోధకురాలు రెండు రకాల పిల్లలను వేరుచేసి చూపించారు. యుక్తవయసులో స్నేహితులతో కలిసి కొంతకాలం తప్పులు చేసి, తర్వాత సర్దుకునేవారు ఒక రకం. వీరే ఎక్కువమంది. మూడు నాలుగేళ్ళ నుండే కోపం, కొట్టడం, మాట వినకపోవడం మొదలై, పెద్దయ్యాక కూడా అదే దారిలో పోయేవారు రెండో రకం. వీరు కొద్దిమందే. అయినా కుటుంబాలకు, సమాజానికి ఎక్కువ నష్టం వీరి వల్లే కలుగుతుంది.

అలాగని, చిన్నప్పుడు అల్లరి చేసిన ప్రతి పిల్లవాడూ దొంగ అవుతాడని ఎవరూ భయపడవద్దు. వారిలో చాలామంది బాగుపడతారు. ముందుగా గుర్తిస్తే ఇంకా ఎక్కువమంది బాగుపడతారు.

ఇంట్లోనే అల్లుకునే వల

ఒక దృశ్యం ఊహించండి. తల్లి కిరాణా కొట్టుకు వెళ్ళింది. పిల్లవాడు చిప్స్ ప్యాకెట్ అడిగాడు. తల్లి వద్దంది. వాడు ఏడ్చాడు. తల్లి గదిమింది. వాడు నేలమీద పడి దొర్లాడు. నలుగురూ చూస్తున్నారు. “తీసుకో, నా ప్రాణం తియ్యకు” అని తల్లి ప్యాకెట్ కొనిచ్చింది. ఏడుపు ఆగింది.

ఈ రెండు నిమిషాల్లో ఇద్దరూ ఒక్కో పాఠం నేర్చుకున్నారు. గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే గొడవ ఆగుతుందని తల్లి నేర్చుకుంది. మరునాడు ఇంట్లో సెల్‌ఫోన్ కోసం ఇదే జరుగుతుంది. ఈసారి తల్లికి సహనం నశించి రెండు దెబ్బలు వేస్తుంది. పిల్లవాడు ఆ క్షణానికి ఊరుకుంటాడు. కొడితే పని అవుతుందని ఇప్పుడు ఇద్దరూ నేర్చుకున్నారు. తల్లి మరింత గట్టిగా కొడుతుంది, బిడ్డ తన చెల్లెలిపై అదే ప్రయోగిస్తాడు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ పాటర్సన్ అనే శాస్త్రవేత్త ఇళ్ళలోకి వెళ్ళి తల్లీబిడ్డల మాటలు, చేతలు క్షణం క్షణం రాసుకొని ఈ వలను గుర్తించారు.

గమనించండి! ఇక్కడ తల్లి చెడ్డది కాదు, బిడ్డ చెడ్డవాడు కాదు. తెల్లవారుజామున లేచి మిర్చి ఏరడానికి పోయి, సాయంత్రం నడుము విరిగి ఇంటికి వచ్చిన తల్లికి వాదించే ఓపిక ఎక్కడిది? అందుకే దీన్ని నిందగా కాకుండా పాఠంగా చదవాలి. ఈ వలను విప్పే నేర్పు తల్లిదండ్రులకు నేర్పితే వస్తుంది. పిల్లల దుష్ప్రవర్తనను ముందుగా నివారించే మంచి కార్యక్రమాలు చాలావరకు పిల్లవాడితో పాటు, కొన్నిసార్లు వాడికంటే ముందుగా, తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తాయి.

కొడితే బాగుపడతాడా?

మన తెలుగు నేలలోనే దీనికి సాక్ష్యం ఉంది. ‘యంగ్ లైవ్స్’ అనే పరిశోధన 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని దాదాపు 3 వేల మంది పిల్లలతో మొదలైంది. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వారి ఇళ్ళకు వెళ్ళి వివరాలు సేకరించారు. గడచిన వారంలో ఉపాధ్యాయుడు మిమ్మల్ని కొట్టాడా అని అడిగినప్పుడు, ఎనిమిదేళ్ళ వయసువారిలో నాలుగింట మూడు వంతులకు పైగా కొట్టాడనే చెప్పారు. ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాల్లో కూడా ఇదే పరిశోధన జరిగింది. ఆ దేశాలకంటే మన దగ్గర దెబ్బలు చాలా ఎక్కువ. ఎనిమిదేళ్ళప్పుడు దెబ్బలు తిన్నవారు పన్నెండేళ్ళకు లెక్కల్లో వెనకబడడం కూడా ఆ పరిశోధన జరిగిన కొన్ని దేశాల్లో కనిపించింది. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లవాణ్ణి కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం.

ఇది కొత్త కాలపు మాట అనుకునేవారు ఇబ్నె ఖల్దూన్ (రహ్మలై) రాసింది చూడాలి. 1332లో జన్మించిన ఈ మహా చరిత్రకారుడు తమ ‘ముఖద్దిమా’లో, కఠినంగా శిక్షిస్తూ చదువు చెబితే చిన్నపిల్లలకు హాని కలుగుతుందని స్పష్టంగా రాశారు. అలాంటి పిల్లవాడిలో ఉత్సాహం చస్తుంది, సోమరితనం వస్తుంది, దెబ్బల భయంతో అబద్ధం, కపటం అలవాటవుతాయి, చివరకు అవే వాడి స్వభావమవుతాయి అని ఆయన హెచ్చరించారు.

ఇక్కడ కొందరు సోదరులు అడుగుతారు: “పదేళ్ళకు నమాజు చేయకపోతే కొట్టమని హదీసులో ఉంది కదా?” ఉంది. కాని ఆ హదీసు మొదటి భాగం ఏమంటోంది? ఏడేళ్ళ వయసులో నమాజు చేయమని చెప్పమంటోంది. ఏడుకు, పదికి మధ్య మూడేళ్ళున్నాయి. రోజుకు ఐదుసార్ల చొప్పున లెక్కవేస్తే ఐదు వేలకు పైగా పిలుపులు! ఐదు వేలసార్లు ప్రేమతో వెంట తీసుకెళ్ళిన తండ్రికి బెత్తం అవసరం ఎంత పడుతుంది? ఇక హనఫీ ఫుఖహా, చేత్తో తప్ప కర్రతో కొట్టరాదనీ, మూడుకు మించరాదనీ హద్దులు పెట్టారు. వారు పెట్టినది కోపానికి కళ్ళెం. మనం దాన్ని కోపానికి అనుమతిపత్రంగా మార్చుకున్నాం. ఐదేళ్ళ పిల్లవాడు పాలు ఒలికించాడని కొట్టేవారికి ఈ హదీసులో ఏ ఆధారమూ లేదు.

దైవప్రవక్త (స) పద్ధతి

ఉమర్ బిన్ అబీ సలమా (రజి) దైవప్రవక్త (స) ఇంట పెరిగిన బాలుడు. భోజనం చేసేటప్పుడు ఆయన చేయి పళ్ళెమంతా తిరుగుతుండేది. దైవప్రవక్త (స) ఏం చేశారు? చేతి మీద కొట్టలేదు, నలుగురిలో సిగ్గుపరచలేదు. అల్లాహ్ పేరు తలచుకోమనీ, కుడి చేత్తో తినమనీ, తనకు దగ్గరగా ఉన్నదే తినమనీ చెప్పారు. ఏం చేయకూడదో కాక, ఏం చేయాలో చెప్పారు. ఆ తర్వాత తాను ఎల్లప్పుడూ అలాగే తిన్నానని ఆ బాలుడే పెద్దయ్యాక చెప్పుకున్నారు.

హజ్రత్ అనస్ (రజి) చిన్న వయసులోనే సేవకు వచ్చి పదేళ్ళు ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా దైవప్రవక్త (స) తనను ఛీ అనలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. అఖ్‌రా బిన్ హాబిస్ అనే వ్యక్తి, తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని చెప్పినప్పుడు, కరుణ చూపనివాడికి కరుణ లభించదని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) సలహా కూడా ఇదే దారిలో ఉంది. పిల్లవాడు మంచి పని చేస్తే నలుగురి ముందు మెచ్చుకోండి, బహుమతి ఇవ్వండి. ఒకసారి తప్పు చేస్తే చూసీ చూడనట్టు వదిలేయండి. మళ్ళీ చేస్తే రహస్యంగా మందలించండి. అదేపనిగా తిట్టకండి, తిట్లకు అలవాటుపడితే మాటకు విలువ పోతుంది. చదువు తర్వాత ఆడుకోనివ్వండి. తొమ్మిది వందల ఏళ్ళ క్రితం చెప్పిన ఈ మాటలకూ, నేటి తల్లిదండ్రుల శిక్షణ తరగతుల్లో చెప్పేదానికీ ఎంత దగ్గరితనమో చూడండి!

ఫలించిన ప్రయత్నం, వికటించిన ప్రయత్నం

అమెరికాలోని ఇప్సిలాంటి పట్టణంలో 1962 నుండి 1967 వరకు పెర్రీ ప్రీస్కూల్ అనే కార్యక్రమం నడిచింది. 123 మంది పేద నల్లజాతి పిల్లలను ఎంచుకొని, వారిలో 58 మందికి మూడు నాలుగేళ్ళ వయసులో రోజూ రెండున్నర గంటలు మంచి బడి నడిపారు. వారానికోసారి పంతులమ్మ ఇంటికి వెళ్ళి, తల్లితో కూర్చొని మాట్లాడేది. వారికి నలభై ఏళ్ళు వచ్చాక చూస్తే, ఐదుసార్లు లేదా అంతకంటే ఎక్కువ అరెస్టయినవారు నూటికి 36 మంది. ఆ బడి అందని 65 మందిలో నూటికి 55 మంది. చిన్న వయసులో చేసిన మేలు నలభై ఏళ్ళు నిలిచింది.

ఆ దేశంలోనే వికటించిన ప్రయత్నం కూడా ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో 506 మంది బాలురతో ఒక కార్యక్రమం మొదలైంది. వారిలో సగం మందికి సలహాదారులను పెట్టారు, చదువు చెప్పించారు, వేసవి శిబిరాలకు పంపారు. 1945 వరకు ఇది సాగింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వారందరినీ వెతికి చూస్తే, సహాయం అందినవారే ఎక్కువ నష్టపోయినట్టు తేలింది. ముఖ్యంగా శిబిరాలకు మళ్ళీ మళ్ళీ వెళ్ళినవారు. అల్లరి పిల్లలను ఒకచోట చేరిస్తే ఒకరి గొప్పలు ఒకరు విని, తప్పుకు మెచ్చుకోలు పొందుతారని తర్వాతి పరిశోధకులు దీనికి కారణం చెప్పారు.

మనకు ఇందులో పెద్ద గుణపాఠం ఉంది. ఇంట్లో భరించలేక, ఆరేడేళ్ళ పిల్లవాణ్ణి దూరపు హాస్టల్‌కో మదర్సాకో పంపేవారు మనలో తక్కువేమీ కాదు. ఖుర్ఆన్ హిఫ్జ్ చేయించాలనే కోరికతో, బిడ్డ మనసు చూసి పంపడం వేరు. అల్లరికి శిక్షగా పంపడం వేరు. మదర్సాలో చదువుకున్నవాడిగా చెబుతున్నాను: శిక్షగా వచ్చిన పిల్లవాడు మదర్సాను జైలుగానే చూస్తాడు, తనలాంటివాళ్ళనే స్నేహితులుగా వెతుక్కుంటాడు.

ఇంట్లో చేయవలసిన పనులు

1. రోజుకు పావుగంట ఆ బిడ్డ ఒక్కడితోనే గడపండి. ఆట వాడు ఎంచుకోవాలి. ఆ పావుగంటలో ఫోన్ వద్దు, నీతి బోధ వద్దు. దైవప్రవక్త (స) సజ్దాలో ఉండగా మనవడు వీపు ఎక్కితే, వాడు దిగేవరకు సజ్దా పొడిగించారు.

2. మంచిని పట్టుకోండి. “మంచివాడివి” అని ఊరికే అనకుండా, “మాషా అల్లాహ్, చెల్లికి ముందు ఇచ్చావు” అని చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోండి.

3. వంటింట్లో నుండి పదిసార్లు అరవకండి. దగ్గరికి వెళ్ళి, కళ్ళలోకి చూసి, ఒక్క పని ఒక్క మాటలో చెప్పండి.

4. కాదన్నది ఏడ్చినా కాదే. ఇస్తానన్నది మరచిపోకుండా ఇవ్వండి. “రా, నీకొకటిస్తాను” అని బిడ్డను పిలిచిన తల్లిని, ఏమిస్తావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె చెబితే, ఏమీ ఇవ్వకపోతే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడేదని అన్నారు.

5. తప్పుకు ఫలితం చిన్నదిగా, వెంటనే, ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఆ రోజుకు ఫోన్ లేదు, లేదా ఐదు నిమిషాలు పక్కన కూర్చోవాలి. అది ముగిశాక మళ్ళీ ఎత్తిపొడవవద్దు.

6. షైతాన్, బద్మాష్ అని పేర్లు పెట్టకండి. బిడ్డ ఆ పేరుకు తగ్గట్టే నడుచుకుంటాడు. కోపంలో బద్‌దువా అసలే వద్దు. సొంత సంతానానికి కీడు కోరుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు. అది దువా స్వీకరించబడే ఘడియ కావచ్చు.

7. అమ్మీ కాదన్నది అబ్బా ఇవ్వరాదు, అబ్బా కాదన్నది దాదీ ఇవ్వరాదు. ఇంటి మాట ఒక్కటిగా ఉండాలి. పిల్లల మధ్య పక్షపాతం వద్దు.

మొదటి రెండు వారాలు అల్లరి పెరగవచ్చు. పాత పద్ధతి పనిచేస్తుందేమోనని బిడ్డ పరీక్షిస్తాడు. అక్కడే మన సబ్ర్ అవసరం.

బయట దొరికే సహాయం

మన వీధిలోని అంగన్‌వాడీని గుడ్డు, పప్పు ఇచ్చే చోటుగానే చూడకండి. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన ఈ పథకంలో, మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు కూడా ఒక భాగం. వరుసలో నిలబడడం, తన వంతు కోసం ఆగడం, బొమ్మను పంచుకోవడం అక్కడే అలవాటవుతాయి.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. చూపు, వినికిడి, మాట ఆలస్యం, చదువులో ఇబ్బంది, నిలకడలేనితనం లాంటివి వారు పరీక్షిస్తారు. ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకోకండి. కొట్టడం, జంతువులను హింసించడం, నిప్పుతో ఆడడం నెలల తరబడి ఆగకపోతే డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యల కోసం 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. డాక్టరుకు చూపించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

ఇక ఆ ఏడేళ్ళ బాలుడి విషయం. తల్లి మాట ప్రకారం నేను వాణ్ణి దారిలో పెట్టబోయాను. సబఖ్ చెప్పమంటే దిక్కులు చూసేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. మొండితనమనుకొని అరచేతుల మీద కొట్టాను, ఒకసారి కాదు. కొన్ని వారాలకు వాడు రావడం మానేశాడు. తర్వాత తెలిసింది: వాడికి రెండు చెవులూ ఏడాదిగా చీము కారుతున్నాయి, వినికిడి చాలా తగ్గింది. నేను పిలిచింది వాడికి సరిగా వినపడనే లేదు.

నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి, తల్లి ముందు ఆ బిడ్డను క్షమించమని అడిగాను. వాడు తల వంచుకొని బొమ్మ లారీ తోస్తూ ఉన్నాడు. వైద్యం తర్వాత కొన్ని నెలలకు వాడు మళ్ళీ మక్తబ్‌కు వచ్చాడు. ఇప్పుడు నా పక్కనే, ముందు వరుసలో కూర్చుంటాడు. కోపం ఇంకా వస్తూనే ఉంటుంది, కాని చెల్లెల్ని కొరకడం మానేశాడని తల్లి చెప్పింది. నా బెత్తం మాత్రం ఆ రోజు నుండి మక్తబ్‌లో లేదు.

కనుక తల్లులారా, తండ్రులారా! మీ బిడ్డను మా దగ్గరికి తెచ్చినప్పుడు చర్మం గురించి, ఎముకల గురించి చెప్పకండి. వాడికి ఏది ఇష్టమో, దేనికి భయపడతాడో, రాత్రి నిద్రపోతాడో లేదో చెప్పండి. మేమూ అదే అడుగుతాం.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కళ్ళకు చలువగా చెయ్యి. వారిపై చెయ్యెత్తే ముందు వారి బాధను చూడగలిగే హృదయాన్ని మాకు ప్రసాదించు. మా చేతుల వల్ల వారికి జరిగిన అన్యాయాన్ని మన్నించు. ఆమీన్.